జపాన్ ఉరుషి పాత్రలు, మకియె, కింత్సుగి: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ వాళ్ల నల్లటి, ఎర్రటి కర్ర గిన్నెలు, బంగారు పొడి చల్లిన పెట్టెలు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. ఆ మెరుపు వెనక ఏం చూడాలో, ఏది కొనాలో, ఇంటికి తెచ్చాక ఎలా కాపాడుకోవాలో తెలియక అక్కడితో ఆగిపోతుంటారు. ఈ పేజీ వాళ్ల కోసం. ఇక్కడి ప్రశ్నలన్నీ చివరికి ఒక్క పదార్థం చుట్టూనే తిరుగుతాయి. అది ఉరుషి అనే చెట్టు సొన.

ఉరుషి అంటే మన లక్కేనా?

కాదు. పైమెరుపు చూడగానే ఏటికొప్పాక బొమ్మ గుర్తుకొస్తుంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. మన లక్క పురుగు నుంచి వస్తుంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. చల్లారగానే పని అయిపోయినట్టే. కానీ వేడి తగిలితే లక్క మళ్లీ మెత్తబడుతుంది. లక్కపిడతల్లో పిల్లలు వండేది ఉత్తుత్తి అన్నమే కావడానికి అదీ ఒక కారణం.

ఉరుషి దారి వేరు. అది ఒక్కసారి గట్టిపడితే వేడికి కరగదు. పులుపుకూ ఉప్పుకూ సారాయికీ లొంగదు. తిరిగి ద్రవంగా మార్చే ఉపాయమే లేదు. అందుకే వేడి పులుసు పోసుకునే గిన్నెకు అది పూత కాగలిగింది.

చెట్టు 15 నుంచి 20 ఏళ్లు పెరిగాక, జూన్ మధ్య నుంచి సొన తీయడం మొదలుపెడతారు. బెరడు మీద చిన్న అడ్డగాటు పెట్టి, నాలుగైదు రోజులు ఆగి, దాని పైన కాస్త పొడవైన గాటు పెడతారు. శరదృతువు దాకా ఇలా గాటు మీద గాటు. గాయాన్ని మాన్చుకోవడానికి చెట్టు ఊరించే సొనను బొట్టుబొట్టుగా గీరి తీస్తారు. సీజన్ మొత్తం మీద ఒక చెట్టు ఇచ్చేది సుమారు 200 గ్రాములు, అంటే ఒక గ్లాసెడు. ఆ ఏడాది చివర చెట్టును నరికేస్తారు, మోడు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. జపాన్‌లో పండే ఉరుషిలో ఎక్కువ భాగం ఇవాతె జిల్లాలోని నినోహె పట్టణం, జోబోజి ప్రాంతం నుంచే వస్తుంది. దేశం వాడేదాంట్లో నూటికి తొంభై పాళ్లకు పైగా మాత్రం దిగుమతే, అదీ ప్రధానంగా చైనా నుంచి. పాత గుళ్లు, కోటల మరమ్మతుకు స్వదేశీ ఉరుషినే వాడాలని 2015లో జపాన్ సాంస్కృతిక వ్యవహారాల శాఖ నిర్ణయించాక జోబోజి సొనకు గిరాకీ పెరిగింది.

తడిలో ఆరుతుందంటారు. అదెలా?

మామూలు రంగు ఆరడమంటే అందులోని ద్రవం ఆవిరైపోవడం. ఉరుషి విషయంలో అలా కాదు, గట్టిపడటానికే దానికి గాలిలో తేమ కావాలి. సొనలో ఎక్కువ పాలు ఉరుషియాల్ అనే నూనెలాంటి పదార్థం. మిగతాది నీరు, కొద్దిగా జిగురు, ఒక్క శాతం కూడా లేని లాకేస్ అనే ఎంజైమ్. తేమ ఉన్నచోట ఈ ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌ను అందుకుని ఉరుషియాల్ అణువులను ఒకదానితో ఒకటి అల్లేస్తుంది. ఈ ఎంజైమ్ పనిని 1883లో మొదట గమనించింది జపాన్ రసాయన శాస్త్రవేత్త యోషిదా హికోరోకురో.

దానికి సరిపడే వాతావరణం 20 నుంచి 28 డిగ్రీల వేడి, 70 నుంచి 80 శాతం తేమ. పనివాళ్లు చెక్క అల్మరా లోపలి గోడలను నీళ్లతో తడిపి ఈ వాతావరణం తయారుచేస్తారు. దాన్ని ఫురో అంటారు, స్నానానికీ అదే మాట. పలుచటి పూత అందులో ఒక రాత్రికి చేతికి అంటకుండా ఆరుతుంది. లోపలంతా గట్టిపడటానికి నెలలు పడుతుంది.

తప్పులు జరిగేదీ ఇక్కడే. తేమ తక్కువైతే పూత రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. తేమ మరీ ఎక్కువైనా, పూత మందంగా పడినా పైపొర ముందే బిగుసుకుని, లోపల పచ్చిగా ఉండి, పాల మీగడలా ముడతలు పడుతుంది. ముడత పడ్డదాన్ని సర్దడం కుదరదు. గీకి పారేసి మొదటికి రావాల్సిందే. పూత కిందికి జారి ఒకచోట పేరుకోకుండా ఫురోలో గిన్నెలను కాసేపటికోసారి తలకిందులు చేస్తుంటారు. ఇప్పుడు దానికి మోటార్లున్నాయి.

ఒక గిన్నెకు అన్ని నెలలు ఎందుకు?

మనం చూసేది ఆఖరి పూతను మాత్రమే. దాని మందం 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్లు. గిన్నె ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది దాని కింద దాగిన పునాది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ధరల్లో తేడా ఎందుకో సగం అర్థమైనట్టే.

ఇషికావా జిల్లా వాజిమా ఊరి పద్ధతి చూద్దాం. ముందు కర్రను గిన్నె ఆకారానికి మొరటుగా తరిణె పట్టి, నెలల పాటు ఆరబెట్టి, తర్వాత సన్నగా చెక్కుతారు. కర్రలో చీలికలు, ముడులు ఉంటే తొలిచి, ఉరుషి, పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడుస్తారు. పచ్చి ఉరుషిని మొత్తం పీల్పిస్తారు. దెబ్బ ముందుగా తగిలేది అంచుకూ అడుగు వలయానికీ కాబట్టి, అక్కడ ఉరుషి, పిండి జిగురుతో సన్నటి గుడ్డ అతికిస్తారు. సిమెంటులో ఇనుప చువ్వ చేసే పనే ఇక్కడ ఆ గుడ్డ చేస్తుంది.

తర్వాత జినోకో. వాజిమాలో దొరికే ఒక రకం మట్టిని కాల్చి పొడి చేస్తారు. సూక్ష్మజీవుల సిలికా పెంకులతో ఏర్పడిన మట్టి అది. దానిలోని సన్నటి రంధ్రాలు ఉరుషిని పీల్చుకుని రాయిలా బిగుస్తాయి. మొదటి పూతకు ముతక పొడి, రెండోదానికి మధ్యరకం, మూడోదానికి మెత్తటిది. ప్రతి పూత తర్వాత ఫురో, ఆ తర్వాత రాయితో నీళ్లు పోసి సాన. ఆపైన నడిమి పూత, మళ్లీ సాన, చివరికి పైపూత. మొత్తం వంద దశలకు పైనే ఉంటుంది. ఆరు నెలలు పట్టడం మామూలు, ఏడాది దాటడం కూడా ఉంది.

పైపూత వేసే గదిలో గాలి ఆడనివ్వరు. ఉరుషిని సన్నటి యోషినో కాగితంలో పోసి, మెలిపెట్టి పిండి వడకడతారు. కుంచె మనిషి వెంట్రుకలది. పలకల మధ్య వెంట్రుకలు చివరిదాకా ఉంటాయి, అరిగినకొద్దీ పెన్సిల్ చెక్కినట్టు చెక్కుకుంటూ వాడతారు. ఇంతా చేసి ఒక ధూళికణం వాలితే దాన్ని పక్షి ఈక మొనతో తడిపూత మీంచి లేపి తీస్తారు.

2024 జనవరి 1న వచ్చిన నోతో భూకంపంలోనూ, తర్వాతి మంటల్లోనూ వాజిమాలో ఎన్నో పనిశాలలు కూలిపోయాయి. ఒక్కో దశకు ఒక్కో ఇంటి వాళ్లు పనిచేసే ఊరది. అక్కడ ఒక ఇల్లు పోతే గొలుసులో ఒక లంకె తెగినట్టే.

ఎప్పుడూ ఎరుపు, నలుపేనా? తెలుపు ఎందుకు లేదు?

ఉరుషి సహజంగా తేనెరంగు. అందులో ఏ తెల్ల పొడి కలిపినా పాల టీ రంగే వస్తుంది. తెలుపు కావాల్సినచోట పిట్టగుడ్డు పెంకు ముక్కలను ఒక్కొక్కటిగా అతికిస్తారు. కంజుపిట్ట గుడ్డు పెంకు పలుచగా ఉంటుంది కాబట్టి దానికి ప్రాధాన్యం. నలుపు మాత్రం పొడి కలిపి తెచ్చింది కాకపోవచ్చు. ఇనుము కలిస్తే ఉరుషే నల్లబడుతుంది, ఆ నలుపుకు లోతు అక్కడినుంచే వచ్చింది. ఎరుపుకు ఇంగిలీకం గానీ, ఇనుప తుప్పు రంగైన బెంగరా గానీ కలుపుతారు. కొత్త ఎర్ర గిన్నె కాస్త మసకగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఏళ్లు గడిచేకొద్దీ ఉరుషి తేటపడి, లోపలి ఎరుపు పైకి తేలుతుంది.

మకియె అంటే బంగారు రంగుతో వేసిన బొమ్మా?

బంగారు రంగు వేరు, మకియె వేరు. మకు అంటే చల్లడం. ఉరుషితో బొమ్మ గీసి, అది ఆరకముందే మీద బంగారు పొడి చల్లుతారు. గీత జిగురుగా ఉన్నచోటే పొడి నిలుస్తుంది. పొడి చల్లడానికి సన్నటి గొట్టం, దాని ఒక చివర పట్టుగుడ్డ కట్టి ఉంటుంది. వేలితో మెల్లగా తడుతుంటే పొడి జల్లులా రాలుతుంది. చూసేటప్పుడు గుర్తుపట్టాల్సిన పద్ధతులు మూడున్నాయి.

చదును మకియెలో బొమ్మ ఉపరితలం కంటే వెంట్రుకవాసి ఎత్తులో ఉంటుంది, పొడిని నిలబెట్టడానికి మీద పలుచటి ఉరుషి ఒకటి. దీనికి హిరామకియె అని పేరు.

సాన పట్టి తీసేది తొగిదాషి. బొమ్మ మీద బంగారం చల్లాక పాత్ర మొత్తానికి నల్ల ఉరుషి పూసేస్తారు, బొమ్మ పూర్తిగా మునిగిపోతుంది. అది గట్టిపడ్డాక బొగ్గు ముక్కతో, నీళ్లతో, ఓపిగ్గా అరగదీస్తే బంగారం మెల్లగా పైకి వస్తుంది. వేలితో తడిమితే ఎత్తుపల్లం ఏమీ తగలదు. బొమ్మ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే బంగారం కాస్తా పోతుంది. మూడింటిలోకీ గుండెధైర్యం ఎక్కువ కావాల్సింది దీనికే.

ఎత్తు మకియె, అంటే తకామకియె. ఉరుషితో గానీ, ఉరుషిలో మట్టిపొడి కలిపిన ముద్దతో గానీ కొండనో పువ్వునో ముందు ఉబ్బెత్తుగా కట్టి, దాని మీద బంగారం చల్లుతారు. పక్కనుంచి వెలుగు పడితే నీడ కనిపిస్తుంది.

ఒకే పెట్టె మీద మూడూ ఉండొచ్చు. దూరపు పొగమంచుకు తొగిదాషి, దగ్గరి కొమ్మకు తకామకియె వాడితే చిత్రంలో దూరం, దగ్గర ఏర్పడతాయి. మూత తిప్పి లోపలి వైపు చూడండి. అక్కడ చిన్న చిన్న బంగారు రేకులు నారింజ తేనెలో తేలుతున్నట్టుంటే అది నషిజి. జపాన్ బేరిపండు తొక్క మీది చుక్కల్లా ఉంటుందని ఆ పేరు. బయటివాళ్ల కంట పడని లోపలి భాగంలో పని ఎంత శ్రద్ధగా ఉందో చూస్తే ఆ పనివాడి స్థాయి తెలిసిపోతుంది.

తప్పక చూడాల్సిన పనులు ఏవి?

టోక్యో నేషనల్ మ్యూజియంలో రెండు రాతపెట్టెలున్నాయి, రెండూ జాతీయ సంపదలుగా ప్రకటించినవే. ఒకటి హొనామి కోఎత్సు (1558–1637) చేసిన పడవల వంతెన పెట్టె. మూత గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. బంగారు నేల మీద పడవలు, వాటికి అడ్డంగా నల్లటి సీసపు పట్టీ, పైన వెండి అక్షరాల్లో ఒక పాత పద్యం. ఆ పద్యంలో పడవల వంతెన అన్న మాట ఒక్కటీ రాయకుండా వదిలేశారు. ఆ మాట స్థానంలో ఉన్నది సీసపు పట్టీయే. చదివేవాడు బొమ్మను కూడా అక్షరంగా చదువుకోవాలి.

రెండోది ఒగాతా కోరిన్ (1658–1716) చేసిన ఎనిమిది వంతెనల పెట్టె. ఐరిస్ పూలకు ముత్యపుచిప్ప, ఆకులకు బంగారం, వంతెన పలకలకు సీసం. చిప్పను అతికించే ఈ పనికి రాదెన్ అని పేరు. తల కొద్దిగా కదిపితే పువ్వు నీలం నుంచి గులాబీకి మారుతుంది, సీసం మాత్రం కదలకుండా మసగ్గా ఉంటుంది. ఆ రెంటి పొత్తు కోసమే కోరిన్ సీసాన్ని ఎంచుకున్నాడనిపిస్తుంది.

20వ శతాబ్దంలో మకియెకు మళ్లీ ప్రాణం పోసినవాళ్లలో మత్సుదా గొన్‌రోకు (1896–1986) ముఖ్యుడు. 1955లో మకియె విభాగంలో జీవించి ఉన్న జాతీయ సంపదగా ఆయన్ని ప్రకటించారు.

మ్యూజియంలో ఏ కోణం నుంచి చూడాలి?

నిటారుగా నిలబడి పైనుంచి చూస్తే సగమే కనిపిస్తుంది. ఈ వస్తువులు చేసినవాళ్లు నేల మీద చాప పరుచుకుని, దీపం వెలుగులో వాడేవాళ్ల కోసం చేశారు. గాజు అల్మరా ముందు మోకాళ్ల మీదికి వంగి, కన్ను వస్తువు ఎత్తుకు తెచ్చుకోండి. అక్కడినుంచి మెల్లగా అటూఇటూ జరగండి. చిప్ప రంగులు, తకామకియె నీడలు, తొగిదాషి లోతు అప్పుడే బయటపడతాయి.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువులున్న విభాగంలో కూడా ఇలా సాధన చేయొచ్చు. పైనున్న లైటు ప్రతిబింబాన్ని నల్లటి ఉపరితలంలో వెతకండి. ప్రతిబింబం అంచు గీత గీసినట్టుంటే ఆ పూతను బొగ్గుతో సాన పట్టి, జింక కొమ్ము పొడితో మెరుగుపెట్టారన్నమాట. ఆ పద్ధతిని రోఇరో అంటారు. అంచు కాస్త మెత్తగా, ఉబ్బినట్టు కనిపిస్తే కుంచెతో పూసి అలాగే ఆరనిచ్చారు, అది నురితాతె. చూపులకు రోఇరో గొప్పగా తోచినా, కుంచె గీత గానీ ధూళి గానీ దాచుకోవడానికి వీల్లేని నురితాతె కూడా అంతే కష్టం.

కొనేటప్పుడు అసలు ఉరుషి ఏదో, ప్లాస్టిక్ ఏదో ఎలా తెలుస్తుంది?

బరువు, చప్పుడు, వెచ్చదనం అని చాలామంది చెబుతారు. అవి ఒక్కోసారి మోసం చేస్తాయి, ఎందుకంటే రంపపు పొట్టు, రెసిన్ కలిపి పోతపోసిన గిన్నెలు చేతికి కర్రలాగే ఉంటాయి. ముందు చీటీ చదవండి. జపాన్ చట్టం ప్రకారం అమ్మకపు చీటీ మీద పూత ఏమిటో, లోపలి పదార్థం ఏమిటో విడివిడిగా రాయాలి. ఉరుషి పూత ఉంటే షిక్కి అని, కృత్రిమ పూత ఉంటే గోసెయ్ షిక్కి అని ఉంటుంది. ఫోన్‌లో అనువాదం చేసుకుని ఈ రెండు మాటలు వెతకండి. ఒక మెలిక ఉంది. లోపల ప్లాస్టిక్, పైన నిజమైన ఉరుషి అన్నవి కూడా అమ్ముతారు. అందులో తప్పేమీ లేదు, ధర మాత్రం దానికి తగ్గట్టుండాలి.

పాత సామాన్ల దుకాణంలో చీటీ ఉండదు. అప్పుడు గిన్నె బోర్లించి అడుగు వలయం చూడండి. అక్కడ అరిగినచోట కర్ర నారలు గానీ, గుడ్డ నేత గానీ, మట్టిరంగు పునాది గానీ కనిపిస్తే మంచిదే. అతుకు గీత, పోత గుర్తు కనిపిస్తే అచ్చులో పోసింది. అంచు చుట్టూ గోరు మెల్లగా నడిపితే పెచ్చు లేచినచోట తగులుతుంది. వెంట్రుకంత బీట అంచు నుంచి కిందికి దిగితే లోపలి కర్ర చీలినట్టే, దాన్ని కొనొద్దు.

మరో రంగు గురించి ఒక మాట. జీడిపిక్క పెంకు నూనెతో చేసిన పూత ఒకటి జపాన్‌లో ఉరుషికి బదులుగా విరివిగా వాడతారు, దాన్ని అక్కడ కష్యూ అనే పిలుస్తారు. జీడిమామిడి, ఉరుషి ఒకే కుటుంబపు చెట్లు కావడం వల్లే అది సాధ్యమైంది. చూపుకు దగ్గరగా ఉంటుంది, ఫురో అక్కర్లేకుండా ఆరుతుంది. కానీ అది ఉరుషి కాదు.

ఏ ఊరి పని ఏది?

గట్టి పునాదికి వాజిమా. తరిణె పనితనానికి అదే జిల్లాలోని యమనకా. ఫుకుషిమా జిల్లా ఐజులో రోజువారీ గిన్నెల నుంచి బంగారు పని దాకా అన్నీ దొరుకుతాయి. అఒమోరి జిల్లా త్సుగారు పాత్రల మీద రంగురంగుల మచ్చలుంటాయి. ఎగుడుదిగుడుగా వేసిన పూత మీద రంగు మీద రంగు పూసి, చివరికి అంతా చదునుగా సాన పడితే పొరలు నరికిన చెట్టు వలయాల్లా బయటపడతాయి. వకయామా జిల్లాలోని నెగొరో గుడి పేరు మీద వచ్చిన నెగొరో పాత్రలు ఎర్రవి, వాడగా వాడగా అరిగి కింద నలుపు తొంగిచూస్తుంది. ఆ అరుగుదలే అందమని జనం మెచ్చుకోవడంతో, ఇప్పుడు కొత్తవాటినే అరిగినట్టు సాన పట్టి అమ్ముతున్నారు. చేతులు పట్టుకునేచోట సహజంగా అరిగిందా, అన్నిచోట్లా ఒకేలా అరిగిందా అన్నది చూస్తే తేడా తెలుస్తుంది.

ఇందులో వేడి సాంబారు పోసుకోవచ్చా?

పోసుకోవచ్చు. చింతపండు పులుపు, ఉప్పు, కారం దాన్ని ఏమీ చేయవు. పొయ్యి మీంచి దించిన మరుక్షణం సలసల కాగేదాన్ని మాత్రం పోయకండి. పూత తెల్లబారి మచ్చ పడొచ్చు. రెండు నిమిషాలు ఆగితే చాలు. స్టీలు చెంచాతో గీకొద్దు, చెక్క చెంచా వాడండి.

మైక్రోవేవ్, డిష్‌వాషర్, ఓవెన్ మూడూ నిషిద్ధం. కర్రలోని తేమ ఒక్కసారిగా వేడెక్కి పూతను లోపలినుంచి చీలుస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ, జిడ్డుంటే కొద్దిగా లిక్విడ్ సబ్బుతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. గంటల తరబడి సింకులో నానబెట్టడం, పీచుతో, బూడిదతో తోమడం రెండూ వద్దు. రోజూ వాడి, కడిగి, తుడిచే గిన్నెకు ఆ గుడ్డ రాపిడే మెరుగు. బీరువాలో దాచిన గిన్నె కంటే అదే ఎక్కువ కాలం మన్నుతుంది.

మూత గిన్నెలో వేడి పులుసు పోస్తే మూత బిగుసుకుపోతుంది. బలంగా లాగకండి. గిన్నె అంచుల దగ్గర రెండువైపులా వేళ్లతో మెల్లగా నొక్కితే ఆకారం కొద్దిగా మారి, గాలి లోపలికి పోయి, మూత దానంతట అదే వదులుతుంది.

కొత్త గిన్నె ఘాటైన వాసన వేస్తే గాలి ఆడే నీడలో కొన్ని వారాలు ఉంచండి. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం కూడా జపాన్‌లో ఇళ్లలో చేసేదే.

మన ఎండలకు, ఏసీ గదులకు తట్టుకుంటుందా?

ఎండ నేరుగా తగలనివ్వకపోతే తట్టుకుంటుంది. అతినీలలోహిత కిరణాలు ఉరుషికి శత్రువులు. కిటికీ పక్క షెల్ఫులో పెట్టిన నల్ల పెట్టె కొన్నేళ్లలో మెరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, దాన్ని వెనక్కి తేలేం. రెండో ప్రమాదం పొడి గాలి. తెలంగాణ, రాయలసీమ వేసవిలో, రాత్రింబగళ్లు ఏసీ ఆడే గదిలో కర్ర తేమ కోల్పోయి కుంచించుకుంటుంది. పూత దానితోపాటు కుంచించుకోలేక బీటలు తీస్తుంది. ఉరుషి ఉంచే బీరువాలో చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టండి, వారానికోసారి మార్చండి. పార్సిల్‌తో వచ్చే సిలికా జెల్ పొట్లాలు తీసి అవతల పారేయండి. కోస్తాలో అయితే గొడవ బూజుతో. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లలో చుట్టకుండా, మెత్తటి నూలుగుడ్డ మధ్య పెట్టి నెలకోసారి గాలికి తీయండి.

ఉరుషి తగిలితే ఒళ్లు దద్దుర్లు వస్తాయా?

పచ్చి ఉరుషి తగిలితే వస్తాయి, చాలామందికి వస్తాయి. మామిడికాయ కోసినప్పుడు సొన పడి మూతి పొక్కడం, జీడిపిక్క పెంకు నూనెకు చేతులు కాలడం, నల్లజీడి తగిలి ఒళ్లు వాయడం మనకు తెలిసినవే. ఇవన్నీ ఉరుషి చుట్టాలే, ఒకే రకం పదార్థం చేసే పని. మామిడి సొన పడనివాళ్లు పచ్చి ఉరుషితో మరింత జాగ్రత్తగా ఉండాలి. పూర్తిగా గట్టిపడిన గిన్నెతో మామూలుగా ఏ భయమూ లేదు.

పనిచేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చర్మం మీద పడితే ముందు వంటనూనెతో బాగా రుద్ది తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడగండి. నీళ్లతో మొదలుపెడితే అది వదలకుండా పాకుతుంది. దద్దురు వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు తేలుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

కింత్సుగి ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, రెండు మూడు నెలలు ఆగగలిగితే. చాలామంది దాన్ని పగిలిన పాత్రను బంగారంతో అతికించడం అనుకుంటారు. అతికించేది ఉరుషి, బంగారం ఆఖరి రోజున పైన చల్లే చిటికెడు పొడి. ఇది మకియె పనే, పగులు గీత మీద చేస్తారంతే. మొదటిసారికి రెండు మూడు ముక్కలైన పింగాణీ కప్పు ఎంచుకోండి. అమ్మమ్మ గుర్తుగా ఉన్న దాన్ని కాదు.

ముక్కల పదునంచులను వజ్రపు ఆకురాయితో అతి కొద్దిగా మొద్దు చేసి, స్పిరిట్‌తో తుడవండి. పచ్చి ఉరుషి పగులు అంచులకు పలుచగా రాసి, ఎక్కువైనది అద్ది తీసి, ఒక రోజు ఆరనివ్వండి. ఇప్పుడు జిగురు. అర టీస్పూను మైదాకు చుక్కచుక్కగా నీళ్లు చేర్చి చెవి తమ్మెంత మెత్తగా కలపండి. ఆ ముద్దకు ఇంచుమించు సమానంగా పచ్చి ఉరుషి కొద్దికొద్దిగా చేరుస్తూ, గాజు పలక మీద గరిటతో తీగ సాగేదాకా నూరండి. రెండు అంచులకూ పలుచగా రాసి, గట్టిగా అదిమి, టేపు వేయండి. మందంగా రాస్తే ముక్కల మధ్య ఎడం వస్తుంది, ఆఖరి ముక్క ఇమడదు. చాలా కప్పులు చెడేది ఇక్కడే.

కప్పును అట్టపెట్టెలో పెట్టి, పక్కనే తడిపి పిండిన గుడ్డ ఉంచండి. రెండు మూడు వందల రూపాయల తేమ కొలిచే మీటరు ఒకటి లోపల పెట్టుకుంటే అంచనాలతో పనిలేదు. కనీసం రెండు వారాలు వదిలేయండి. హైదరాబాద్ వేసవిలో గుడ్డను రోజూ తడపాలి. విశాఖ వానాకాలంలో గుడ్డే అక్కర్లేదు, పెట్టె మూత కాస్త తెరిచి ఉంచితేనే ముడతలు పడవు.

బయటికి పొంగిన జిగురును బ్లేడుతో గీకేయండి. చిన్న గుంటలకు సబి. టోనోకో అనే మెత్తటి మట్టిపొడిని నీళ్లతో పేస్టు చేసి, పొడి పది పాళ్లకు ఏడెనిమిది పాళ్ల పచ్చి ఉరుషి కలపాలి. ఉరుషి తగ్గితే పిండిలా రాలిపోతుంది. పెరిగితే లోపల ఆరదు. ఒక్కో పూత ఒక మిల్లీమీటరు దాటొద్దు. ఆరాక నీటి సాండ్‌పేపర్‌తో, గోరుకు గట్టు తగలనంత వరకు సాన పట్టండి. ఆపైన నల్ల ఉరుషి ఒకటి రెండు పూతలు, మధ్యలో మళ్లీ సాన.

చివరి రోజు బెంగరా కలిపిన ఎర్ర ఉరుషిని సన్నటి కుంచెతో పగులు వెంట గీయండి. కింద నలుపు లీలగా తెలిసేంత పలుచగా ఉండాలి. వెంటనే బంగారం చల్లితే పొడి మునిగిపోయి గోధుమరంగు గీత మిగులుతుంది. మరీ ఆరాక చల్లితే అంటుకోదు. తేమ పెట్టెలో 20 నిమిషాల నుంచి గంట ఆగి, నోటి ఆవిరి మెల్లగా వదిలి చూడండి. గీత మీద మంచు పట్టినట్టు మసకేసి, చూస్తుండగానే విడిపోతే అదే సమయం. పట్టుదూది ఉండతో మెత్తటి బంగారు పొడిని అద్దండి. మూడు రోజులయ్యాక పలుచటి పచ్చి ఉరుషి అద్ది, కాగితంతో పూర్తిగా ఒత్తి తీసి, మళ్లీ ఆరనివ్వండి. తర్వాత అగేట్ రాయితో రుద్దితే మెరుపు వస్తుంది. పాతకాలం పనివాళ్లు దీనికి సముద్రపు చేప పన్ను వాడేవాళ్లు.

ఆన్‌లైన్‌లో దొరికే ఒక్కరోజు కింత్సుగి కిట్లు మంచివేనా?

వాటిలో చాలావరకు ఎపాక్సీ జిగురు, ఇత్తడి రంగు పొడి ఉంటాయి. అలంకారానికి పెట్టుకునే పూలకుండీకి సరిపోతాయి. తినే, తాగే పాత్రకు వాడొద్దు. ఆహారానికి పనికొచ్చే ఎపాక్సీ అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా, ఇత్తడి పొడి పులుపుకు పచ్చగా చిలుము పడుతుంది. ఉరుషితో అతికించిన కప్పులో టీ తాగొచ్చు, కాకపోతే పని పూర్తయ్యాక కనీసం ఒక నెల ఆగండి. మైక్రోవేవ్‌లో ఎప్పటికీ పెట్టొద్దు.

కోరమాండల్ తెర అని అమ్ముతున్నారు. అది జపాన్‌దా, మన తీరానిదా?

రెండూ కాదు. అవి చైనాలో చేసిన చెక్కుడు ఉరుషి తెరలు. 17వ శతాబ్దం చివర యూరప్‌కు వెళ్లే ఓడలు మన కోరమాండల్ తీరపు రేవుల మీదుగా సాగడంతో అక్కడి కొనుగోలుదారులు ఆ పేరు తగిలించారు. జపాన్ మకియె అని ఎవరైనా అమ్మజూపితే దగ్గరికెళ్లి చూడండి. తెల్లటి పునాదిని తొలిచి గాడుల్లో రంగులు నింపి ఉంటే అది చైనా పద్ధతి. నున్నటి ఉపరితలం మీద బంగారు పొడి నిలిచి ఉంటే అప్పుడు మకియె గురించి మాట్లాడొచ్చు.

పాత పెట్టె మీద పూత పెచ్చు లేచింది. ఫెవికాల్‌తో అతికించనా?

వద్దు. ఫెవికాల్, సూపర్‌గ్లూ, వార్నిష్, కొబ్బరినూనె ఏవీ రాయకండి. పైనుంచి రాసిన జిగురు తర్వాత సరైన మరమ్మతు చేసేవాళ్లకు అడ్డం పడుతుంది. ఊడిన పెచ్చును చిన్న కాగితపు పొట్లంలో వేసి, ఏ భాగానిదో రాసి, పెట్టెలోనే ఉంచండి. లేచిన అంచు తగలకుండా మీద పలుచటి టిష్యూ కాగితం కప్పండి, టేపు వేయకండి. రోజువారీ గిన్నె అయితే జపాన్‌లో కొన్న పనిశాలకే ఫొటో పంపి అడగండి, అంచు సరిచేసి మళ్లీ పూత పూసి ఇచ్చే పద్ధతి వాళ్లలో చాలామందికి ఉంది. మకియె ఉన్న పాతదైతే మళ్లీ పూయించకుండా, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టే కన్జర్వేటర్‌కే చూపించండి.